గనిలో దీపము, మనిషిలో ధీమా

అపాయము తొలగినదని నమ్మినచోటనే మనిషి మరియొక అపాయమునకు ఎదురేగుట వింతగా తోచును. కాని చరిత్రలో దీనికి సాక్ష్యములు పెక్కు కలవు. వానిలో ఒకదానిని ఈ ప్రసంగమున మేము శ్రోతల ముందుంచుచున్నాము. అది రెండువందల యేండ్లకు పూర్వము ఉత్తర ఇంగ్లండు బొగ్గుగనులలో జరిగిన కథ.

1812 మే 25వ తేదీన న్యూకాసిల్ పట్టణమునకు సమీపమునగల ఫెల్లింగ్ గనిలో గొప్ప ప్రేలుడు సంభవించి, 92 మంది మరణించిరి. వారిలో బాలురును ఉండిరి. బొగ్గుపొరలలో దాగియుండు మీథేన్ వాయువు గాలితో కలిసి వ్యాపించునప్పుడు, ఒక కొవ్వొత్తి మంట చాలును, గని యంతయు భగ్గుమనును. ఆ రోజులలో ఇట్టి వార్తలు బయటికి పొక్కుట గనుల యజమానులకు ఇష్టము లేదు. అయినను జాన్ హాడ్జ్‌సన్ అను మతాచార్యుడు, మృతుల పేర్లతోసహా ఆ దుర్ఘటన వృత్తాంతమును అచ్చువేయించెను. మరుసటి సంవత్సరము సండర్లండు పట్టణమున గని ప్రమాదముల నివారణకై ఒక సంఘము వెలసెను.

ఈ ప్రయత్నముల ఫలితముగా సర్ హంఫ్రీ డేవీ 1815లో పరిశోధనకు పూనుకొనెను. దీపపు మంటచుట్టును సన్నని తీగవలను అమర్చుటయే ఆయన కనుగొనిన ఉపాయము. ఆ వలలో చదరపు అంగుళమునకు 784 రంధ్రములు. మంట వేడిమిని తీగలు పీల్చుకొనుటచే వెలుపలి వాయువు అంటుకొనదు. అంతేకాదు, గనిలో వాయువు హెచ్చినప్పుడు మంటపై నీలిఛాయ కనిపించి పనివానిని హెచ్చరించును. డేవీ దీనిపై పేటెంటు హక్కును కోరలేదు. అదే సంవత్సరమున కిల్లింగ్‌వర్త్ గనిలో పనిచేయుచుండిన జార్జి స్టీఫెన్‌సన్ కూడ వేరొక విధమైన దీపమును సిద్ధము చేసెను.

ఇక ప్రేలుళ్లు ముగిసినట్లేయని పలువురు సంతసించిరి. కాని 1835లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన సంఘము లెక్కలు తీయగా, విపరీతమైన సంగతి బయటపడెను. డర్హము, నార్తంబర్లండు జిల్లాలలో దీపము రాకపూర్వము 18 సంవత్సరములలో 447 మంది గని ప్రమాదములలో మరణించియుండగా, దీపము వచ్చిన తరువాతి 18 సంవత్సరములలో 538 మంది మరణించిరి. ఆ సంవత్సరముననే వాల్స్‌ఎండ్ గనిలో ప్రేలుడు జరిగి 102 మంది బలియైరి. డేవీ దీపమును మొదట ఆదరించి ప్రచారము చేసిన జాన్ బడ్ల్ అను ప్రసిద్ధ గనినిపుణుని పర్యవేక్షణలోనిదే ఆ గని!

అట్లని దీపమును నిందించుట న్యాయము కాదు. ఆ కాలమున తవ్వకమును, పనివారి సంఖ్యయు పెరిగినవి. అయినను, ప్రాణరక్షణకు వచ్చిన సాధనము ప్రాణనష్టమును ఏల తగ్గింపలేకపోయెను? కారణములు లోహములో లేవు, మనుష్యులలో ఉన్నవి.

మొదటి కారణము యజమానుల ధీమా. వాయుభయముచే విడిచిపెట్టిన పొరలను, పైకప్పునకు ఆధారముగా నిలిపిన బొగ్గు స్తంభములను, ఇప్పుడు దీపము ఉన్నదిగదా యని తిరిగి తవ్వింపసాగిరి. గాలి ప్రసారమునకు చేయవలసిన వ్యయము పలుచోట్ల వెనుకబడెను. దీపము ఇచ్చిన రక్షణ పనివాని ప్రాణమునకు చెందక, బొగ్గు దిగుబడికి చెందెను. పైగా గాలి వేగముగా వీచుచోట మంట వలను దాటి రాగలదు. ఆ దీపమునకుగల ఈ హద్దును మరచుట తేలికయయ్యెను.

రెండవ కారణము కూలి. తవ్విన బొగ్గును బట్టియే పనివానికి కూలి ముట్టుచుండెను. తీగవలలోనుండి వచ్చు వెలుతురు మసక. మసకలో పని తగ్గును, పని తగ్గిన ఇంటిలో గంజి తగ్గును. అందుచే కొందరు దీపపు వలను తొలగించి పనిచేసిరి. చుట్టకు నిప్పు అంటించుకొనుటకు తెరచినవారును కలరు. దీపములకు తాళములు వేయు పద్ధతి ఇందువలననే వచ్చెను. మూర్ఖులని వారిని తిట్టుట సులభము. కాని ప్రమాదము రేపటి మాట, ఆకలి నేటి మాట.

మూడవది అలవాటు. నిన్న వల తీసి పనిచేసి క్షేమముగా తిరిగివచ్చినవాడు, నేడును అట్లే వత్తునని నమ్మును. పెద్దవాడు చేసిన దానిని పక్కనున్న కుఱ్ఱవాడు చూచి నేర్చుకొనును. జాగ్రత్త వహించువానిని తోటివారు పిరికివాడని పరిహసింతురు. ఇట్లు నియమము గోడమీదనుండగా, ఆచారము గనిలోపల రాజ్యమేలును.

దీనికి మందు మరియొక దీపము కాదని క్రమముగా తెలిసివచ్చెను. 1850 చట్టము ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లకు గనులలోనికి దిగి చూచు అధికారమొసగెను. 1862లో హార్ట్‌లీ గనిలో ఉన్న ఒకేయొక బావి మూసుకొనిపోయి 204 మంది మరణించిన పిమ్మట, ప్రతి గనికిని రెండు దారులు ఉండవలెనని శాసనమయ్యెను. 1872 చట్టము, పనివారు తమలో ఒకరిద్దరిని ఎన్నుకొని గనిని తనిఖీ చేయించుకొను హక్కును కల్పించెను. మా దృష్టిలో అన్నిటికన్న గొప్ప మలుపు ఇదియే. ప్రమాదమును అందరికన్న ముందు పసికట్టువాడు గనిలోపల పనిచేయువాడు. వాని మాటకు చట్టములో చోటు దొరకెను.

మన ప్రాంతమున 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకము ఆరంభమై, సింగరేణి గనుల చరిత్రకు నాంది పలికెను. 1901లో భారతదేశమునకు గనుల చట్టము వచ్చెను. నాటినుండి చట్టములు మారినవి, దీపములు విద్యుద్దీపములైనవి, వాయువును కొలుచు యంత్రములు వచ్చినవి. మారనిది మనుష్యస్వభావము. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపమునగల చాస్‌నాలా గనిలో నీరు ముంచెత్తి 375 మంది మరణించిన వార్త దేశమును కలచివైచెను.

గనులు ఎరుగని ఇండ్లలోను ఈ కథ నడుచుచునే యున్నది. తలకు హెల్మెట్టు పెట్టుకొనినవాడు బండివేగము పెంచవచ్చును. త్రాడు కట్టుకొనకయే పరంజిపై నడచు మేస్త్రీని చూచి కొత్త కూలీయు అట్లే నడువవచ్చును. కావున పనికి పోవు బిడ్డ చేతికి రక్షణ సాధనము ఇచ్చుటతో తల్లిదండ్రుల విధి గాని, యజమాని విధి గాని తీరదు. “ఇచ్చట అపాయమున్నది, పని ఆపుడు” అని వాడు చెప్పినపుడు, వాని కూలి కోయక, వానిని నవ్వులపాలు చేయక, ఆ మాట వినువారు ఉండవలెను.