సెప్టెంబరు 17న రజాకార్ల కథ సగమే చెబుదామా?

 ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం. తీరిక చేసుకుని చదవండి.

సెప్టెంబరు 17 దగ్గర పడేకొద్దీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం పోస్టులు తిరుగుతాయి. 2019 నుంచి ఆ రోజును కళ్యాణ కర్ణాటక ఉత్సవ దినం అంటున్నాం. అంతకుముందు హైదరాబాద్ కర్ణాటక విమోచన దినం అనేవాళ్ళం. పేరు మారినా పోస్టుల్లో కథ మాత్రం మారలేదు: నిజాం ముస్లిం, రజాకార్లు ముస్లింలు, చచ్చినవాళ్ళు హిందువులు, సైన్యం వచ్చి కాపాడింది. చివర్లో ఒక వాక్యం ఉంటుంది, ఇప్పటి పక్కింటివాళ్ళను జాగ్రత్తగా కనిపెట్టి ఉండమని.

దీనికి జవాబుగా ఇంకో నినాదం రాయడం వల్ల లాభం లేదని మా ఉద్దేశం. అప్పుడు భూమి ఎవరి చేతిలో ఉంది, వెట్టి ఎవరు చేశారు, కూలి ఎవరు ఎగ్గొట్టారు అని అడిగితే కథ మొత్తం బయటికొస్తుంది. ఆర్థిక ప్రజాస్వామ్యం అన్న పెద్ద మాటకు మా లెక్కలో అర్థం ఇంతే. అయిదేళ్ళకొకసారి ఓటు వేసినట్టే, రోజూ తినే తిండి గురించి, పొలం గురించి, కూలి గురించి, నీళ్ళ గురించి కూడా మనిషికి మాట చెల్లాలి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు హెచ్చరించింది కూడా ఇదే. ఓటులో సమానత్వం ఇచ్చి బతుకులో అసమానత్వం ఉంచితే, ఆ ఓటు కూడా ఎక్కువ కాలం నిలవదన్నారు.

ముందు రజాకార్ల సంగతి. వాళ్ళ దౌర్జన్యాలు కట్టుకథలు కావు. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పార్టీకి కాసిం రజ్వీ నాయకుడయ్యాక, రజాకార్లు రాజ్యమంతటా ఊళ్ళ మీద పడ్డారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో తొంభైకి పైగా మనుషుల్ని చంపారు. ఆ ఊరివాళ్ళు బురుజు ఎక్కి, ఉన్న ఆయుధాలతో తమను తాము కాపాడుకోవాలని చూశారు. వాళ్ళ పేర్లు మనం తలుచుకోవాల్సిందే. ఇందులో దాచేది ఏమీ లేదు.

పోస్టుల్లో కనిపించనిది రెండో సగం. నిజాం రాజ్యంలో 16 జిల్లాలు. రాయచూరు అందులో ఒకటి, గద్వాల, ఆలంపురం తాలూకాలు కూడా అప్పుడు మన జిల్లాలోనే ఉండేవి. రాజ్యంలో పెద్ద భాగం జాగీర్లు, నిజాం సొంత భూములు. మిగతా చోట దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు. తెలంగాణలో పేరుమోసిన దేశ్‌ముఖుల్లో ఎక్కువమంది హిందువులే. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు. విసునూరు రామచంద్రారెడ్డి పేరు చెబితే చుట్టుపక్కల ఊళ్ళు వణికేవి. వెట్టి, మన కన్నడ పల్లెల్లో బిట్టి, ఈ దొరల ఇళ్ళకే నడిచేది. రైతులు ఎదురుతిరిగినప్పుడు ఈ హిందూ దొరలే చాలాచోట్ల రజాకార్లను పిలిపించుకుని, గడీల్లో బస ఇచ్చి, భోజనం పెట్టారు. భూమి పోతుందనే భయం దొరకు కలిగాక, రజాకారు మతం ఆయనకు అడ్డం కాలేదు.

ఎదుటి పక్షం కూడా అలాగే ఉంది. 1940ల మొదట్లో విసునూరు దొర మీద భూమి కోసం కోర్టుల్లో కొట్లాడి, దొర మనుషుల చేతిలో చచ్చిపోయిన పేదరైతు షేక్ బందగీ. ఆయన ముస్లిం. ఆయన కథ ఆధారంగానే 'మా భూమి' నాటకం వచ్చింది. అదే దొర మనుషులు కడవెండిలో 1946 జూలై 4న కాల్చి చంపిన దొడ్డి కొమరయ్య గొర్రెల కాపరుల ఇంటి బిడ్డ. అదే దొరకు ఎదురునిలిచి పాలకుర్తిలో తన పంట తాను కోసుకున్నది చాకలి ఐలమ్మ. హైదరాబాద్ కార్మిక సంఘాలకు నాయకుడు, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్. రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో నడివీధిలో ప్రాణం పోగొట్టుకున్నది 'ఇమ్రోజ్' పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్. ఈ అయిదు పేర్లు ఒక కాగితం మీద వరసగా రాసి చూడండి. హిందూ ముస్లిం గీత ఎక్కడ గీయగలరు?

అప్పటి వామపక్షం ఇచ్చిన జవాబు ఈ పేర్లలోనే ఉంది. 1944లో భువనగిరి సభతో ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల చేతికొచ్చింది. వాళ్ళు రజాకార్లను తిట్టడంతో ఆగలేదు. వెట్టి ఆపించారు, అప్పు పత్రాలు తగలబెట్టారు, దొరలు పట్టుకున్న భూమి పంచారు, కూలి పెంచారు, ఊరికొక కమిటీ వేశారు. 3,000 గ్రామాలు, 10 లక్షల ఎకరాలు, 4,000 మంది ప్రాణత్యాగం అని సుందరయ్య గారి లెక్క. అంకెల మీద వాదించేవాళ్ళు ఉండొచ్చు. కానీ కాస్త పొలం చేతికొచ్చిన రైతు దాన్ని కాపాడుకోవడానికి నిలబడ్డాడు, తన పక్కన నిలబడినవాడి మతం అడగలేదు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయంటే కారణం ఇదే.

ఇప్పుడు చేదు భాగం. 1948 సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తరువాత ఏం జరిగిందో చూసి రమ్మని ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ కమిటీని పంపింది. ఆ నివేదిక ఎన్నో దశాబ్దాలు బయటికి రాలేదు. పోలీసు చర్య సమయంలోనూ, తరువాతా కలిపి 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని కమిటీ అంచనా. చచ్చినవాళ్ళు ఎక్కువగా ముస్లింలు. అందరికన్నా ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. అప్పట్లో గుల్బర్గా మనకు పక్క జిల్లానే. రజ్వీ మాత్రం జైలు అనుభవించి 1957లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఆయన చేసినదానికి దెబ్బ తిన్నది నేతపనివాళ్ళు, జట్కావాళ్ళు, చిన్న రైతులు.

నష్టపోయిన జిల్లాల వరసలో నల్లగొండ పేరు కూడా ఉంది. పోరాటానికి గుండెకాయ లాంటి జిల్లా అది. భూమి పంచిన చోట ఇలాంటివి అసలు జరగవు అని రాసేస్తే బాగుండును, కానీ అది నిజం కాదు. సైన్యం తరువాతి గురి కమ్యూనిస్టుల మీద పెట్టింది. కమిటీలు వేసినవాళ్ళు అడవులు పట్టారు. పారిపోయిన దొరలు గాంధీ టోపీలు పెట్టుకుని తిరిగి ఊళ్ళకొచ్చారు. కమిటీ లేని ఊళ్ళో పేద ముస్లింకు అడ్డు నిలిచేవాళ్ళు తక్కువయ్యారు. భూమి ఒకసారి పంచితే చాలదు, దాన్ని నిలబెట్టే సంఘం రోజూ పనిచేస్తుండాలి అన్నది ఇందులో మేము చదువుకున్న పాఠం.

పోరాటం 1951 అక్టోబరులో ఆగింది. కానీ అది అడిగినవి చట్టాలుగా వచ్చాయి. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం. ఈ రెండూ మన రాయచూరుకు కూడా వర్తించాయి. తరువాత దేవరాజ అరసు గారి కాలంలో 1974 సవరణతో, దున్నేవాడికే భూమి అని ట్రిబ్యునళ్ళు వచ్చాయి. ఈ జిల్లాలో ఒక కౌలుదారు ఇంట్లో పట్టా ఉందంటే, బందగీ, కొమరయ్యల వాటా అందులో ఉంది.

మా చదువు తమిళ మీడియంలో సాగింది, కాబట్టి తంజావూరు సంగతి కూడా ఒక మాట. అక్కడ నిజాం లేడు, రజాకారు లేడు. పన్నైయాళ్ళు అనే పాలేర్లకు కొరడా దెబ్బలు, పేడనీళ్ళు తాగించడం శిక్షలు. 1943 నుంచి వాళ్ళను సంఘంగా కూడగట్టిన బి. శ్రీనివాసరావు గారి మాతృభాష కన్నడం. 1968 డిసెంబరు 25న కీళవెణ్మణిలో, కూలి పెంపు అడిగిన ఊళ్ళో, 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి కాల్చేశారు. చంపినవాళ్ళూ చచ్చినవాళ్ళూ అందరూ హిందువులే. మతం వేరైతేనే హింస వస్తుందనేవాళ్ళు దీనికి ఏం చెబుతారు?

దూరదేశం ఉదాహరణ కూడా ఒకటి చూద్దాం. 1928లో జర్మనీ ట్రేడ్ యూనియన్ల తరఫున ఫ్రిట్జ్ నఫ్తాలి 'ఆర్థిక ప్రజాస్వామ్యం' అనే పేరుతోనే పుస్తకం తెచ్చారు. ఫ్యాక్టరీ నడపడంలో కార్మికుడికి మాట ఉండాలన్నారు. ఆలోచన మంచిదే. కానీ అప్పుల్లో మునిగిన పల్లె రైతుకు చెప్పే మాట వాళ్ళ దగ్గర తక్కువ. ఆ పల్లెలు నాజీల వైపు వెళ్ళాయి. పైగా వామపక్షం రెండుగా చీలి ఒకరినొకరు తిట్టుకుంది. 1932 నవంబరు ఎన్నికల్లో నాజీలకు 33 శాతం ఓట్లు, సోషల్ డెమోక్రాట్లకు కమ్యూనిస్టులకు కలిపి 37 శాతం. అయినా కలవలేదు. 1933 మే 1న హిట్లర్ కార్మిక దినం ఘనంగా జరిపించి, మర్నాడే యూనియన్ ఆఫీసులన్నీ ఆక్రమించాడు. అదే నెలలో స్వీడన్‌లో కార్మికుల పార్టీ, రైతుల పార్టీ ఒప్పందం చేసుకున్నాయి. రైతుకు పంట ధర, నిరుద్యోగికి పని. జనం ఎగతాళిగా దాన్ని 'ఆవుల బేరం' అన్నారు. ఆ బేరం పుణ్యాన అక్కడ ఫాసిస్టులకు పల్లెల్లో చోటు దొరకలేదు.

ఇదంతా ఇప్పుడు మనకెందుకు? తుంగభద్ర నీళ్ళు వచ్చాక గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు నుంచి మన పెద్దలు ఇక్కడికొచ్చి, నల్లరేగడి భూములు చవకగా కొని, క్యాంపులు కట్టారు. వాళ్ళ కష్టం గొప్పది. అయితే ఎడమ కాలువను ఎక్కువ భాగం జొన్న, పత్తి లాంటి తక్కువ నీటి పంటల కోసం వేశారు. ఏ పొలానికి ఏ పంట అని లోకలైజేషన్ కూడా చేశారు. కాలువ మొదట్లో అందరూ వరి పెట్టాం. చివర్న ఉన్న మాన్వి, సిరవార, రాయచూరు రైతు నీళ్ళకోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. నీళ్ళు అందని రైతు దగ్గరికి ఎవడో ఒకడు వెళ్ళి, నీ కష్టానికి కారణం ఫలానావాళ్ళు అని వేలు చూపిస్తాడు. ఈ రోజు ఆ వేలు ముస్లిం వైపు ఉంది. రేపు 'బయటినుంచి వచ్చిన తెలుగువాళ్ళు' అని మన క్యాంపుల వైపు తిరగడానికి ఎంత సేపు? సింధనూరు పక్కన బెంగాలీ కాందిశీకుల కాలనీలు ఉన్నాయి, వాళ్ళనడిగితే ఈ భయం రుచి చెబుతారు.

వేలు తిరగకుండా ఆపే పని మన చేతుల్లోనే ఉంది. మన జిల్లాలోనే ఉదాహరణ ఉంది, లింగసుగూరు తాలూకా హట్టి బంగారు గని. అక్కడ కార్మిక సంఘానికి ఓట్లు పెట్టి నాయకత్వాన్ని ఎన్నుకుంటారు. భూమి లోపలికి కలిసి దిగేవాళ్ళు జీతం గురించి, భద్రత గురించి కలిసే కొట్లాడతారు. సహకార సంఘంలోనూ అంతే. పది వాటాలున్నవాడికీ ఒకటే ఓటు, ఒక్క వాటా ఉన్నవాడికీ ఒకటే ఓటు. ఆ ఓటు వాడుకునే రోజు మనలో ఎంతమంది వెళుతున్నాం?

'సంఘం ఉగాదికి, పెళ్ళి సంబంధాలకు గానీ, రాజకీయాలకు కాదు గదా' అని కొందరు పెద్దలు అంటారు. వాళ్ళ మీద గౌరవంతోనే చెబుతున్నాం. మన గ్రూపులో ఆ పోస్టులు తిరుగుతున్నప్పుడే రాజకీయం లోపలికొచ్చేసింది. అందుకని మూడు మాటలు సభ్యుల ముందు పెడుతున్నాం.

ఒకటి. ఈ సెప్టెంబరు 17న మన హాల్లో జెండా ఎగరేశాక, బైరాన్‌పల్లి గురించీ, సుందర్‌లాల్ నివేదిక గురించీ, రెండూ చెప్పిద్దాం. బందగీ, కొమరయ్య, ఐలమ్మ, మఖ్దూం, షోయబుల్లా ఖాన్ పేర్లు బోర్డు మీద రాయిద్దాం. మార్కెట్ యార్డు హమాలీలను, వాళ్ళది ఏ మతమైనా, ముందు వరసలో కూర్చోబెడదాం.

రెండు. నాట్లకు ముందే క్యాంపుల్లో కూలీలతో, ముఖ్యంగా ఆడకూలీలతో, కూర్చుని రేటు మాట్లాడుకుందాం. వాళ్ళు అడిగేదాకా ఆగవద్దు.

మూడు. కాలువకు నీళ్ళు వదిలే ముందు చివరి ఊళ్ళ రైతులను మన సంఘమే పిలిచి, వంతుల గురించి వాళ్ళ మాట వినాలి. ఇది మన జేబుకు కొంచెం తగులుతుంది. తగలకుండా అయ్యే పని కాదు.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, జవాబు ఇస్తాం. ఒప్పుకునేవాళ్ళు కార్యవర్గ సమావేశానికి రండి, చేయెత్తి చెప్పండి.