కొత్త ఉంగరంలో ఉన్నది పాత రాయేనా? కొల్లూరు వజ్రాలు చెప్పే జవాబు

ఈరోజు ఎపిసోడ్ ఒక అనుమానం గురించి.

ఇంట్లో పాత ఉంగరం ఉంటుంది. అమ్మదో, అమ్మమ్మదో. డిజైన్ పాతబడిందని షాపుకి తీసుకెళ్లి, రాయి మాత్రం ఇదే ఉంచి కొత్త ఉంగరంలో పొదగమంటాం. వారం, పది రోజులకి ఉంగరం వస్తుంది. వేలికి పెట్టుకుని లైటు కింద చూస్తాం. ఏదో తేడా. మెరుపు తగ్గినట్టుంది, రాయి కాస్త చిన్నదైనట్టుంది. ఇంక ఆ రాత్రి నిద్ర ఉండదు. "రాయి మార్చేశారేమో" అన్న మాట ఒక్కసారి మనసులో పడితే బయటికి పోదు.

హిస్టరీ ఎపిసోడ్‌లో ఉంగరాల గొడవేంటి అంటారా? ఈ అనుమానానికి మన కృష్ణా తీరంలో కనీసం 400 ఏళ్ల చరిత్ర ఉంది. ప్రపంచంలో పెద్ద పెద్ద రాజులు కూడా ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయారు. వాళ్ల కథల్లో మనకి పనికొచ్చే జవాబు ఒకటి ఉంది.

ముందు చోటు చెప్తాను. విజయవాడ నుంచి హైదరాబాద్ హైవే మీద వెళ్తుంటే పరిటాల వస్తుంది. పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం కనిపించే ఊరు. ఒకప్పుడు అక్కడ వజ్రాల గనులుండేవి. కృష్ణ ఎగువకి పల్నాడు వైపు వెళ్తే కొల్లూరు. కోహినూర్ దగ్గర్నుంచి ఎన్నో పేరున్న వజ్రాలకి పుట్టిల్లని చెప్పుకునే కొల్లూరు అదే. ఇప్పుడు ఆ గని ఉన్న చోటు పులిచింతల రిజర్వాయర్ నీళ్ల కింద ఉంది. నది కిందికి వస్తే మచిలీపట్నం, అప్పట్లో విదేశీ వర్తకులు మకాం పెట్టిన రేవు. 1720ల్లో బ్రెజిల్ వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపుగా మన దేశం నుంచే వెళ్లేవి. వాటిలో పేరుమోసినవి చాలావరకు ఈ కృష్ణ ఒడ్డువే.

మచిలీపట్నంలో పనిచేసిన ఇంగ్లిష్ కంపెనీ ఉద్యోగి విలియం మెత్‌వోల్డ్ 1620 ప్రాంతంలో ఈ గనిని చూశాడు. 30 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. తర్వాత వచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వర్తకుడు టావెర్నియర్ కొల్లూరులో 60 వేల మంది అన్నాడు. ఆడవాళ్లు, పిల్లలు కూడా మట్టి మోసేవాళ్లు.

అనుమానం గనిలోనే మొదలయ్యేది. దక్కన్ గనుల దగ్గర ప్రతి 50 మంది కూలీలకి 12 నుంచి 15 మంది కాపలా ఉండేవాళ్లని టావెర్నియర్ రాశాడు. ఒక కూలీ సుమారు 2 క్యారెట్ల రాయిని కంటి మూలలో దాచుకుని దొరికిపోయాడట. కంట్లో! పొట్టకూటి కోసం ఎంతకి తెగించాడో ఆలోచించండి. వజ్రంతో చిక్కే అది. విలువ కొండంత, సైజు గింజంత. పైగా పక్కపక్కన పెడితే ఒకటి ఇంకోదానిలా ఉంటుంది. చేయి మారిన ప్రతిసారీ అనుమానం కూడా దానితోపాటే ప్రయాణం చేస్తుంది.

ఇప్పుడు అసలు కేసుకి వద్దాం. గోల్కొండ రాజ్యంలో మీర్ జుమ్లా అనే పెద్ద మంత్రి ఉండేవాడు. వజ్రాల వ్యాపారంలో ఆరితేరినవాడు. తర్వాత మొఘలుల వైపు వెళ్లి, కొల్లూరులో దొరికిన ఒక పెద్ద ముడి వజ్రాన్ని షాజహాన్‌కి కానుకగా ఇచ్చాడు. దాని బరువు 900 రత్తులు. రత్తి అంటే మన గురివింద గింజ ఎత్తు. దీన్నే తర్వాత గ్రేట్ మొఘల్ అన్నారు.

ముడి రాయిని సానబట్టే పని వెనిస్ నుంచి వచ్చిన హార్టెన్సియో బోర్జియో అనే పనివాడికి అప్పగించారు. పని అయ్యాక తూకం వేస్తే ఎంతుంది? 319 రత్తుల అర. 1665 నవంబర్ 2న ఔరంగజేబు దర్బారులో టావెర్నియర్ ఆ వజ్రాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. కోడిగుడ్డుని సగానికి కోసినట్టు ఉందన్నాడు. మిగతా 580 రత్తులు ఏమయ్యాయి? అరిగి పొడైపోయాయి. చక్రవర్తికి మండింది. కూలీ ఇవ్వలేదు సరికదా, రాయి పాడుచేశావంటూ 10 వేల రూపాయల జరిమానా వేశాడు. అతని దగ్గర ఇంకా ఉంటే అదీ లాక్కునేవాడట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క చూద్దాం. 900 నుంచి 319 అర అంటే మిగిలింది 35 శాతం. ఇది నిజంగా అన్యాయమైన తరుగేనా?

పోల్చడానికి ఇంకో రాయి ఉంది. అదీ కృష్ణా తీరం గనిదే. కొల్లూరు అని కొందరు, పరిటాల అని కొందరు అంటారు. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ పిట్ 1702లో జమ్‌చంద్ అనే వ్యాపారి దగ్గర దాన్ని కొన్నాడు. ముడి రాయి 410 క్యారెట్లు. లండన్‌లో రెండేళ్లు సానబట్టారు. మిగిలింది దాదాపు 140 క్యారెట్లు, అంటే 34 శాతం. బోర్జియో మిగిల్చిన దానికంటే కాస్త తక్కువే! కానీ ఇక్కడ ఎవరికీ జరిమానా పడలేదు. అద్భుతమైన పనితనం అన్నారు. 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధి 1,35,000 పౌండ్లకి కొన్నాడు. అందుకే దానికి రీజెంట్ అని పేరు. ఇప్పుడు అది పారిస్ లూవ్ర్ మ్యూజియం సేకరణలోది.

మరి తేడా ఎక్కడొచ్చింది? లండన్‌లో రాయిలోంచి తీసిన ముక్కలు ముక్కలుగానే మిగిలాయి. వాటిని విడిగా సానబట్టి అమ్ముకున్నారు. తగ్గిన బరువు ఎటు పోయిందో చాలావరకు కళ్ల ముందే ఉంది. బోర్జియో మొత్తం అరగదీశాడు. యజమాని అడిగితే చూపించడానికి చేతిలో పొడి తప్ప ఏమీ లేదు. టావెర్నియర్ విమర్శ కూడా అదే. పని బాగా తెలిసినవాడైతే రాజుకి నష్టం లేకుండానే పెద్ద ముక్క తీసుండేవాడని. అతన్ని ఆయన దొంగ అనలేదు, పనితనం చాలనివాడన్నాడు.

అలాగని పిట్ హాయిగా ఉన్నాడనుకోకండి. ఆ రాయిని అన్యాయంగా సంపాదించాడని ఊరంతా గుసగుసలు. ఒక కూలీ కాలి గాయంలో దాచి తెచ్చాడని, ఓడ కెప్టెన్ అతన్ని చంపి కాజేశాడని ఒక కథ. ఆ మాటలు భరించలేక 1710లో పిట్ తాను ఎవరి దగ్గర, ఎలా బేరమాడి కొన్నాడో కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. కొన్న ఎనిమిదేళ్లకి! కథ ఊరంతా తిరిగాక రాసిన కాగితాన్ని ఎంతమంది నమ్ముతారు? ఆ గుసగుసలు ఇప్పటికీ ఆగలేదు.

మూడో రాయి కథ చూస్తే అసలు కిటుకు తెలుస్తుంది. టావెర్నియర్ మన దేశం నుంచి ఒక నీలి వజ్రం తీసుకెళ్లాడు. అదీ కొల్లూరుదే అని నమ్మకం. పద్నాలుగో లూయీ కొని, 1673లో కొత్తగా సానబట్టించాడు. 1792 సెప్టెంబర్‌లో, ఫ్రెంచ్ విప్లవం రోజుల్లో, అది దొంగతనానికి గురై మాయమైంది. సరిగ్గా 20 ఏళ్లు దాటి కొద్ది రోజులు కాగానే, 1812 సెప్టెంబర్‌లో, లండన్‌లో ఇంకో నీలి వజ్రం కాగితాల మీదకి వచ్చింది. ఆకారం వేరు, బరువు తక్కువ. ఇదే తర్వాత హోప్ వజ్రం అయింది. బరువు 45.52 క్యారెట్లు. ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

పోయిన రాయినే కోసి రూపం మార్చారా? రెండొందల ఏళ్లు అందరికీ అనుమానమే, చేతిలో రుజువు లేదు. 2007లో పారిస్ సహజ చరిత్ర మ్యూజియంలో ఫ్రాంస్వా ఫార్జ్ అనే శాస్త్రవేత్తకి పాత సీసపు అచ్చు ఒకటి దొరికింది. ఫ్రెంచ్ రాజుల నీలి వజ్రాన్ని చూసి ఎవరో పోసిన అచ్చు. దాన్ని కంప్యూటర్లో కొలిచి చూస్తే హోప్ వజ్రం ఆ ఆకారం లోపల చక్కగా ఇమిడింది. పైసా విలువ చేయని సీసం ముక్క రెండొందల ఏళ్ల అనుమానాన్ని తీర్చేసింది.

కోహినూర్ సంగతి మీకు తెలిసిందే. 1849లో పదేళ్ల దులీప్ సింగ్ చేత దాన్ని వదులుకునేలా చేశారు. 1852లో లండన్‌లో 38 రోజులు సానబట్టి, దాదాపు 191 క్యారెట్ల రాయిని 105.6 క్యారెట్లకి దించారు. 1854లో దాన్ని దులీప్ సింగ్ చేతిలో పెడితే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు తిప్పి తిప్పి చూశాడట. ఇది మా వజ్రమేనా అని ఆ కుర్రాడికి అనిపించిందో లేదో ఎవరికి తెలుసు? అంత బరువు, అంత ఆకారం మారాక ఏ కన్ను గుర్తుపడుతుంది?

అందుకే ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. రాయి చేయి మారి తిరిగొచ్చాక కన్ను సాక్ష్యం చెప్పలేదు, జ్ఞాపకం అసలే చెప్పలేదు. ఇవ్వకముందు తీసి పెట్టుకున్న గుర్తు మాత్రమే చెప్తుంది.

మా పెద్దమ్మ విషయం చెప్తాను. విజయవాడలో ఒక షాపులో, ఇరవై ఏళ్లుగా తెలిసిన మనిషి దగ్గరే, ఉంగరం మార్పించింది. వచ్చాక "ఇది నా రాయి కాదు" అంది. ఆయన "మీదేనమ్మా, ఒట్టు" అన్నాడు. ఆధారం వెతికితే దొరికింది పెళ్లి ఫొటో ఒక్కటి, అందులో ఉంగరం తెల్లటి చుక్క. ఎవరిది నిజమో ఈరోజుకీ తెలీదు. పెద్దమ్మ ఆ ఉంగరం పెట్టుకోవడం మానేసింది. ఆయన మా ఇంటి శుభకార్యాలకి రావడం మానేశాడు.

ఆయన తప్పు చేయకపోయి ఉండే అవకాశం కూడా చాలా ఉంది. పాతకాలం నగల్లో రాయి వెనక మూసేసి, కింద రేకు పెట్టి పొదిగేవాళ్లు. ఆ రేకు వెలుగుని తిప్పి కొట్టేది. అదే రాయిని వెనక తెరిచిన కొత్త ఉంగరంలో పెడితే రంగు, మెరుపు రెండూ వేరుగా కనిపిస్తాయి. అంతవరకు దాగిన అంచు పగుళ్లు బయటపడతాయి. పైగా వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. బంగారం పనివాళ్ల మీద మనకి ఎంత చెడ్డ సామెతలున్నాయో మీకు తెలుసు, నేను చెప్పను. సామెత సాక్ష్యం కాదు. తరతరాలుగా నమ్మకం మీదే బతికే ఆచారిగారికి ఒక్క అబద్ధపు నింద పడితే ఊళ్లో పని పోతుంది.

అలాగని మోసం జరగదని కాదు. మచిలీపట్నం రేవుకి ఒకప్పుడు వజ్రాల కోసం ఓడలొచ్చాయి. దాని పక్కనే ఉన్న చిలకలపూడి ఇవాళ గిల్టు నగలకి దేశమంతా పేరు. అది నిజాయితీగా గిల్టు అని చెప్పి అమ్మే వ్యాపారం. చెప్పకుండా మార్చడమే మోసం. ఇప్పుడు షాపులో టెస్టర్ పెన్ను పెట్టి బీప్ అనిపిస్తే సరిపోదు. మామూలు టెస్టర్ మోయిసనైట్‌ని కూడా వజ్రమే అనొచ్చు. ల్యాబ్‌లో తయారైన వజ్రం నిజంగా వజ్రమే కాబట్టి దానికీ బీప్ వస్తుంది. బంగారం మీద ఉండే హాల్‌మార్క్ నంబరు బంగారం గురించే చెప్తుంది, రాయి గురించి కాదు.

మరి మన సీసపు అచ్చు ఏది? మీ చేతిలోనే ఉంది, ఫోన్. ఉంగరం ఇచ్చే ముందు, నగల షాపుల్లో వాడే పదింతల లెన్సుని కెమెరా ముందు పెట్టి రాయిని పైనుంచి, పక్కనుంచి ఫొటోలు తీయండి. లోపలి మచ్చలు, అంచు గీతలు ఏ రెండు రాళ్లకీ ఒకేలా ఉండవు. పాత ఉంగరంలోంచి రాయి బయటికి తీసేటప్పుడు దగ్గరుండండి. బిగించి ఉన్న రాయికి సరైన తూకం రాదు, విడిగా ఉన్నప్పుడే వస్తుంది. క్యారెట్లలో రెండు దశాంశాల వరకు బరువు, మిల్లీమీటర్లలో కొలతలు రసీదు మీద రాయించుకోండి. రాయి పెద్దదైతే, ఖర్చు భరించగలిగితే, ల్యాబ్ రిపోర్టు తీసుకుని అంచు మీద లేజర్ నంబరు వేయించండి. పాత బంగారం, విరిగిన ముక్కలు వెనక్కి అడిగి తీసుకోండి. బోర్జియో చూపించలేకపోయింది అదే.

ఇదంతా అడిగితే ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. నిజాయితీ ఉన్న పనివాడికి ఆ కాగితం మనకంటే ఎక్కువ కాపలా. రేపు మనకి అనుమానం వస్తే ఆయన చూపించుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. ఇవ్వకముందు రెండు నిమిషాలు అడిగితే అది జాగ్రత్త. తిరిగొచ్చాక అడిగితే అది నింద.

పరిటాల మీదుగా వెళ్లేటప్పుడు రోడ్డుకి అటూ ఇటూ ఉన్న పొలాలు ఒకసారి చూడండి. ప్రపంచాన్ని ఇన్ని అనుమానాల్లో పడేసిన రాళ్లు పుట్టిన నేల అది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.