గడ్డికోత యంత్రము - కమ్మరి చేయి

కొడవలి కమ్మరి కొలిమిలో పుట్టినది. మన పల్లెలలో కోతకాలము సమీపించినంతనే కాపులు కొడవండ్లను దెచ్చి మన పూర్వుల దాగలి యొద్ద నుంచుటయు, వారు వానికి కక్కు వేసి పదును పెట్టి యిచ్చుటయు, కళ్ళములో మేర గొనుటయు మనలో పెద్దలెల్ల రెరిగిన విషయమే. ఆ కొడవలియే పాశ్చాత్యదేశములలో చక్రములపై కెక్కి యంత్రమైన వృత్తాంతమును ఈ వార్షిక సంచికా ముఖమున కులబాంధవులకును, పోషకులైన మహాశయులకును విన్నవింపగోరుచున్నాము. యంత్రముల చరిత్ర వ్రాయువారు తరచుగా కంపెనీల పేర్లును, వానిచే ధనవంతులైనవారి పేర్లును వ్రాసి తృప్తి నొందుదురు. గడ్డిని నిజముగా కోసిన యినుపముక్క యెవరి యూహయో, అది యరిగిపోయిన పిదప దానిని మరల నిలువబెట్టిన చేయి యెవరిదో విచారింపరు. మేము ముఖ్యముగా ఆ రెంటినే విచారింతుము.

కొడవలితో కోయువాడు ఎడమచేత పైరు పట్టి కుడిచేత కొడవలి లాగును. ఎడమచేయి లేనిదే కుడిచేతి పనితన మెంత యున్నను వ్యర్థము. పైరు వంగిపోవునే గాని తెగదు. యంత్రము చేయదలచినవారి కందరికిని అడ్డు వచ్చిన చిక్కు ఇదియే. కత్తిని కదలించుట సులభము; కత్తికి ఎదురుగా పైరును నిలుపుట కష్టము. స్కాట్లండు దేశమున మతవిద్య నభ్యసించుచుండిన పాట్రిక్ బెల్ అను యువకుడు కత్తెరను జూచి ఆ చిక్కును విప్పదలచెను. కత్తెరల నొక వరుసగా అమర్చి, గుఱ్ఱములు వెనుకనుండి త్రోయగా పైరు కోయు యంత్రమును అతడు 1828 లో పొలమున నడపెను. దానికి పేటెంటు పుచ్చుకొనలేదు. లోకమునకు ఉపయోగపడిన చాలునని తలచిన యా మహాత్ముని పేరు నేడు కొలదిమందియే యెరుగుదురు.

అమెరికా దేశమున వర్జీనియా రాష్ట్రములో వాల్నట్ గ్రోవ్ అను పొలము కలదు. అచటి కమ్మరికొట్టములో రాబర్టు మెకార్మిక్ అను రైతు కోతయంత్రమునకై పెక్కేండ్లు పాటుపడి విసిగి విడిచెను. అతని కుమారుడు సైరస్ మెకార్మిక్ ఆ పనిని చేపట్టి 1831 లో యంత్రమును పొలమున నడపించెను. 1834 జూన్ 21 వ తేదీన పేటెంటు నొందెను. ఆ కొట్టములో అతనికి తోడుగా నిలిచి యంత్రనిర్మాణమునకు సాయపడినవాడు జో ఆండర్సన్. అతడు ఆ కుటుంబమువారి బానిస. బానిసకు పేటెంటు లేదు, వాటా లేదు. అతని చేతి దెబ్బ యా యంత్రములో ఎంత యున్నదో తూచి చెప్పగల కొలబద్ద నేడు లేదు. మన వృత్తి నెరిగినవారు మాత్రము, ఇనుమును కాల్చి సాగగొట్టునప్పుడు సమ్మెట పట్టినవాని పాత్ర యెంతటిదో ఒకరిచే చెప్పించుకొననక్కర లేదు.

మెకార్మిక్ పేటెంటునకు ఆరునెలలు ముందే, 1833 డిసెంబరు 31 వ తేదీన, ఓబెడ్ హస్సీ అను మరియొకడు కోతయంత్రమునకు పేటెంటు నొందియుండెను. ఆ సంవత్సరపు వేసవిలోనే అతడు ఒహాయో రాష్ట్రమున సిన్సినాటి పట్టణ సమీపమున దానిని జనులయెదుట నడపెను. మెకార్మిక్ మొదటి యంత్రమున నుండినది పండ్లు గల పొడవైన యొక కత్తి. హస్సీ యట్లు చేయలేదు. త్రికోణాకారమైన చిన్న చిన్న ఉక్కుపలకలను వరుసగా ఒక యినుపబద్దకు రివిట్లతో బిగించెను. ఆ బద్దకు ముందుగా నిలువుగా చీల్చిన యినుప వ్రేళ్ళను అమర్చెను. కత్తి యా చీలికలగుండా ఇటునటు పరుగెత్తును. వ్రేలు పైరును కదలనీయక పట్టుకొనును. పొలములో రైతు ఎడమచేయి చేయు పనిని ఈ వ్రేళ్ళు చేయసాగెను. ఇంతకాలమును చిక్కుగానున్న ముడి యిచట విడినది. చీలికలలో పొట్టు, నార చిక్కుకొని కత్తి బిగుసుకొనుట యను లోపము మిగిలియుండగా, వ్రేలి వెనుకభాగమున పైకప్పును తెరచి చెత్త దానంతట బయటకు జారునట్లు చేసి 1847 లో మరియొక పేటెంటు గొనెను. పైకి జూడ అది స్వల్పమైన మార్పు; కాని యా స్వల్పమే యంత్రమును సగము దినము పనిచేయుదానినుండి దినమంతయు పనిచేయుదానిగా చేసెనని మా యభిప్రాయము.

అటుపిమ్మట ఇరువురకును వైరము పెరిగెను. 1848 లో మెకార్మిక్ తన పేటెంటు గడువును పొడిగింప గోరగా అది త్రోసివేయబడెను. 1851 లో లండను మహాప్రదర్శనమున మెకార్మిక్ యంత్రమునకు గొప్ప పతకము వచ్చెను. అదే సంవత్సరమున యార్కుషైరు ప్రాంతమున క్లీవ్లండు వ్యవసాయసంఘమువారి పరీక్షలో హస్సీ యంత్రము గెలిచెను. కాని వ్యాపారము చేయనేర్చినవాడు మెకార్మిక్. అతడు 1847 లోనే షికాగో నగరమున కర్మాగారము స్థాపించెను. హస్సీ 1860 లో రైలుప్రయాణము చేయుచు, దాహముగొనిన యొక బిడ్డకు నీళ్ళు తెచ్చుటకై దిగి, తిరిగి యెక్కబోవుచు చక్రముల క్రింద పడి మరణించెను. 1902 లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అను మహాకంపెనీ యేర్పడినప్పుడు యంత్రముల నొసటిపై మెకార్మిక్ పేరు నిలిచినది. ఆ యంత్రముల నోటిలో కదలాడినది మాత్రము హస్సీ త్రికోణపలకయే.

ధాన్యపు కోతకంటె గడ్డికోత కష్టము. గోధుమకాడ గట్టిది, తనంతట నిలుచును. పచ్చిగడ్డి మెత్తనిది, దట్టమైనది, కత్తి మొద్దైన వంగి జారిపోవును. బఫెలో నగరమువాడగు కెచ్చమ్ 1847 లో కేవలము గడ్డికే యంత్రము చేసెను. నేల యెగుడుదిగుడుగా నుండుటచే బద్ద విరుగుచుండగా, 1850 ల దశకమున వీలర్, లూయీ మిల్లర్ మొదలగువారు రెండు చక్రముల బండికి ప్రక్కన కోతబద్దను కీలుపై అమర్చి, నేల ననుసరించి లేచి వ్రాలునట్లు చేసిరి. (ఈ మిల్లరు కుమార్తెనే విద్యుద్దీపముచే ప్రఖ్యాతుడైన ఎడిసన్ పండితుడు 1886 లో వివాహమాడెను.) రెండు గుఱ్ఱములు లాగగా చక్రము తిరుగును; పండ్లచక్రములద్వారా ఆ వేగము ఒక వంకర యిరుసునకు చేరును; దానినుండి పిట్మను అను పొడవైన కఱ్ఱచేయి కత్తిని ఇటునటు త్రోయును. ఈ రూపము కుదిరిన పిదప నూరేండ్లవరకు మూలమున మారలేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము ట్రాక్టరులు వచ్చి గుఱ్ఱముల యంత్రములను కంచెల ప్రక్కలకు నెట్టివేసినవి.

అయినను అవి చావలేదు. పెన్సిల్వేనియా, ఒహాయో రాష్ట్రములలో ఆమిష్ అను మతస్థులు నేటికిని పొలమున గుఱ్ఱములనే కట్టుచున్నారు. మెకార్మిక్-డీరింగ్ తొమ్మిదవ నంబరువంటి పాతయంత్రములను, పండ్లచక్రములు నూనెలో మునిగియుండునట్టివానిని, వారి గ్రామములలోని చిన్న చిన్న కమ్మరికొట్టములవారు విప్పి బాగుచేసి మరల పొలమునకు పంపుచున్నారు. అట్టి యంత్రమున పండ్లచక్రములు తరతరములు నిలుచును. ముందుగా శిథిలమగునది కోతబద్దయే. దానిని బాగుచేయు విధమును మనవారు తెలియుట యవసరమని తలచి కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

మొదట కత్తిని లాగివేసి బద్దను చూడవలెను. ఒక కొననుండి కన్ను పెట్టి చూచినచో వంపు తెలియును. బద్ద వంకరగా నున్నంతకాలము తక్కిన సవరణ లన్నియు బూడిదలో పోసిన పన్నీరే. తిన్నన చేసిన పిదప వ్రేళ్ళ సంగతి చూడవలెను. ప్రతి వ్రేలిలోను లెడ్జరు ప్లేటు అను ఉక్కుబిళ్ళ యొకటి యుండును. కత్తెరకు రెండవ రేకు ఇదియే. ఇది గుండ్రముగా అరిగిన యెడల పైపలక నెంత నూరినను గడ్డి తెగదు, నమలబడును. రైతులు కత్తినే నూరుచు ఈ బిళ్ళను మరచుట సర్వసాధారణము. ఎదుటి రేకు మొద్దైన కత్తెర యెట్లుండునో తలచికొనుడు. అరిగిన బిళ్ళలను మార్చి, వ్రేళ్ళను బిగించి, బిళ్ళలన్నియు ఒక్క మట్టమున నున్నవో లేవో కొననుండి చూచి, లేచినదానిని దించియు, దిగినదానిని ఎత్తియు సుత్తెతో సరిచేయవలెను. దెబ్బ వ్రేలి లావైన భాగముననే పడవలెను. పోతయినుమును మెత్తబరచి చేసిన వ్రేళ్ళు ఈ వంపును సహించును.

అరిగిన త్రికోణపలకను తీయుటకు రివిట్లను తొలుచుచు కూర్చుండ నక్కరలేదు. కత్తిబద్దను పట్టుకారు దవడలపై నిలిపి, పలక మొన క్రిందికి వ్రేలాడునట్లుంచి, పలక వెనుక అంచుపై సుత్తెతో ఒక్క దెబ్బ గట్టిగా కొట్టిన రివిట్లు కోసికొనిపోయి పలక యూడివచ్చును. క్రొత్త పలకను మెత్తని రివిట్లతో బిగించునప్పుడు బద్దకును పలకకును నడుమ వెలుతురు కానరాకుండ తల నణచవలెను. పలకలను సానపట్టునప్పుడు మొదటి వాలునే కాపాడవలెను. అంచు నీలిరంగునకు తిరిగినచో పదును పోయినట్లే. ఈ సంగతి మనవారికి చెప్పుట హనుమంతుని యెదుట కుప్పిగంతులు.

కత్తి మరల బద్దలో చేరిన పిదప దానిని క్రిందికి నొక్కిపట్టు ఇనుపక్లిప్పులు కలవు. వీని సవరణలో కమ్మరి నేర్పు వెల్లడియగును. క్లిప్పు వదులైనచో పలక లేచి, గడ్డి రెండు ఉక్కుల నడుమ మడతపడి దూరును. బిగువైనచో కత్తి వేడెక్కి గుఱ్ఱములు అలసిపోవును. పలచని అట్టముక్క దూరునంత సందు చాలును. చేతితో లాగిన కత్తి జారవలెను గాని గలగల లాడరాదు. క్లిప్పుల క్రింద కత్తి వీపు నానుకొనియుండు అరుగుడు పలకలను మార్చకయే క్లిప్పులను మాత్రము కొట్టి వంచుట పెక్కుమంది చేయు తొందరపని.

ఇక రెండు కొలతలు. కత్తి కుడికిని ఎడమకును పోయి నిలిచిన రెండు కొనలయందును ప్రతి త్రికోణపలక నడిమి వ్రేలి నడిమికి సరిగా రావలెను. పలక వెడల్పు 3 అంగుళములు, వ్రేళ్ళ నడుమ దూరము 3 అంగుళములు, కత్తి నడక 3 అంగుళములు. ఇందులో తేడా వచ్చినచో ఒకవైపు కోత పూర్తికాక పొలములో చారలుచారలుగా గడ్డి నిలిచిపోవును. యంత్రము కుదుపుచు నడచును. రెండవది బద్ద ముందువాలు. ఐదడుగుల బద్ద లోపలి కొనయందే బండికి కట్టబడియున్నది. వెలుపలి కొనను గడ్డి వెనుకకు నెట్టును. కావున యంత్రము నిలిచియున్నప్పుడు వెలుపలి కొన లోపలి కొనకంటె అడుగునకు పావు అంగుళము చొప్పున, అనగా ఐదడుగులకు అంగుళమున్నర పావుతక్కువ, ముందుకు ఉండవలెను. అట్లుంచిన పనిలో గడ్డి బలమునకు వెనుకకు జరిగి, కత్తియు పిట్మనును ఒక్క తిన్నని గీతకు వచ్చును. కీళ్ళలోని ములుకులు అరిగినప్పుడు ఈ వాలు పోవును. ముందు ములుకులను మార్చి, ఆ తరువాతనే కొలత చూచుట క్రమము.

ఈ యంత్రమున మన పంచవృత్తులలో మూడింటికి పని కలదని గమనింపుడు. బద్దయు వ్రేళ్ళును కమ్మరివి. పిట్మను అదటును సహించు గట్టికఱ్ఱది గావున వడ్రంగిది. పాత పిట్మను కొననుండు పెట్టెలో తెల్లలోహమును కరగి పోయవలెను గావున అది కంచరి విద్య. ముగ్గురిలో ఒకని కొలత తప్పినను మిగిలిన యిద్దరి పనియు చెడును.

గుఱ్ఱపు యంత్రము మన దేశమున గడ్డి కోసినను కోయకున్నను, ఆ కోతబద్ద మన పొలములలోనికి వేరొక ద్వారమున వచ్చియున్నది. నేడు కృష్ణా గోదావరీ మండలములలోను, తెలంగాణమునను వరిచేలలో తిరుగు పెద్ద కోతయంత్రముల ముందుభాగమున వంగి చూడుడు. వ్రేళ్ళు, త్రికోణపలకలు, నొక్కుక్లిప్పులు అన్నియు నచ్చటనే యున్నవి. కక్కుకొడవలి దాగలిమీదికి వచ్చుట నానాటికి తగ్గినదని విచారించు మన యువకులు, ఆ యంత్రము కోతల నడుమ ఆగినప్పుడు దాని యజమాని పట్టణమునుండి మనిషి వచ్చువరకు కాచికొనియుండుటను చూచుచున్నారు. ఆగుటకు కారణము తరచుగా ఒక వంగిన వ్రేలు, ఒక యరిగిన బిళ్ళ, లేక ఊడిన రివిట్టు. కొన్ని యంత్రములలో రివిట్లకు బదులు బోల్టులుండును. త్రోయుచేయి కఱ్ఱకు మారుగా ఇనుముది యుండును. కొలతలు గీసిన కాగితములలో అంగుళములకు బదులు మిల్లీమీటర్లు కానవచ్చును. పలక వెడల్పు 76.2 మిల్లీమీటర్లని వ్రాసియుండును. అది 3 అంగుళములే.