రాతి మంజూష, పంటి తొడుగు

1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించినప్పుడు దాని గర్భమున మూడు రాతి మంజూషలు బయల్పడెను. మంజూషను, స్ఫటికపు కరండమును బుద్ధుని ధాతువుల కొరకు సమర్పించినట్లు వాని మీది శాసనములు చెప్పుచున్నవి. పైని ఇటుకల దిబ్బ బరువును రాయి మోసెను. లోపలి ధాతువునకు రక్షణ దొరికెను. విలువగల వస్తువును మార్చక, దానిపై పడు భారమును వేరొకదానిచే మోయించుట అంత ప్రాచీనమైన యుక్తి. అదే యుక్తిని పళ్ళు కొరుకు వ్యాధి విషయమున వైద్యలోకము గట్టిగ నమ్ముటకు ఇరువదవ శతాబ్దము దాదాపు గడచిపోయినది.

పిల్లవాడు నిద్రలో పళ్ళు కొరికినచో కడుపులో నులిపురుగులున్నవని మన ఇండ్లలో పెద్దలు అనుచుందురు. పెద్దవాడు కొరికినచో ఇంటివారు నవ్వి ఊరకుందురు. ఉదయము కణతలు నొచ్చుట, నోరు తెరచునప్పుడు చెవి ముందరి దవడ కీలు టక్కుమనుట, పళ్ళ అంచులు నానాటికి అరుగుట, ఇవి ఆ రాత్రి చప్పుడునకు సంబంధించినవి కావచ్చునని తోచదు. నులిపురుగుల మందుతో ఈ అలవాటు మానునని చెప్పుటకు తగిన ఆధారము లేదు.

దవడ బాధను ప్రాచీనులెరుగకపోలేదు. సుశ్రుతుడు దంతరోగములలో హనుమోక్షమును చేర్చి, వాతముచే దవడ కీలు సడలుటయే దాని లక్షణమనెను. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో, విరిగిన దవడ పళ్ళను బంగారు తీగెతో కట్టు విధానము కలదు. 1865లో అమెరికా విదేశాంగ మంత్రి సీవార్డు దవడ విరిగినప్పుడు గన్నింగ్ అను దంతవైద్యుడు గట్టిపరచిన రబ్బరుతో స్ప్లింటు చేసి అమర్చెను. ఇవి విరిగిన ఎముకను కదలకుండ పట్టి ఉంచుటకు ఏర్పడినవి.

విరుగని దవడకును కాపు అవసరమను భావము 1901లో స్పష్టపడినది. వియన్నా దంతవైద్యుడు కారోలీ రాత్రివేళ పళ్ళు కొరుకుటను చిగుళ్ళ వ్యాధితో ముడిపెట్టి, పళ్ళకు తొడుగును సూచించెను. 1907లో ఫ్రెంచి వైద్యులు ఈ అలవాటునకు ‘బ్రుక్సోమనీ’ అని పేరిడిరి. 1934లో అమెరికా వైద్యుడు కోస్టెన్ చెవిపోటు, తలనొప్పి, దవడ కీలు బాధ ఒకే మూలమునుండి పుట్టవచ్చునని వాదించెను. పై పళ్ళకును క్రింది పళ్ళకును పొందిక తప్పుటయే దోషమను నమ్మకము బలపడెను. 1961లో రామ్‌ఫ్యోర్డ్ కండరముల విద్యుత్తును కొలిచి ఆ వాదమునకు ఊతమిచ్చెను. ఫలితముగ పెక్కుచోట్ల ఎత్తుగ తగులు పళ్ళను ఆకురాయితో అరగదీయుట చికిత్సయైనది.

మాకును అట్టి అనుభవమే కలిగినది. ప్రసంగములు చదువు మావంటివారికి దవడయే పనిముట్టు. మా కణతల నొప్పికి ఒక వైద్యుడు ఒక మంచి పంటిని అరగదీసెను. నొప్పి పోలేదు; అరిగిన పన్ను తిరిగి రాలేదు.

తరువాతి పరిశోధనలు కథను మార్చినవి. నిద్రలో క్షణకాలము మెలకువ వైపు జరుగు మెదడు, వేగము హెచ్చిన గుండె, వాని వెంట దవడ కండరములు బిగియుట కానవచ్చెను. మనసులోని ఒత్తిడియు దీనిని పెంచవచ్చును. రంగస్థలముపై భీముడు పండ్లు పటపట కొరికినప్పుడు మనకు కోపము తెలియుట ఊరక కాదు. 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు జరిపిన సభ, దవడ కీలు బాధలకు వెనుకకు మరలించుకొనగల చికిత్సలనే ముందు చేయవలెనని హెచ్చరించెను.

స్ప్లింటు అట్టి చికిత్స. వైద్యుడు రెండు వరుసల పళ్ళకు అచ్చు తీసి, నమూనాలపై గట్టి ఆక్రిలిక్ తొడుగు చేయించును. అది ఒక వరుస పళ్ళనన్నింటిని కప్పవలెను. ఎదుటి పళ్ళు దానిపై సమముగ తగులవలెను. కొన్ని పళ్ళనే కప్పు తొడుగును చిరకాలము ధరించినచో తక్కిన పళ్ళు స్థానము తప్పవచ్చును. రాత్రి ధరించి, ఉదయము చల్లని నీటితో కడిగి, అప్పుడప్పుడు వైద్యునికి చూపవలెను. గురకయు, పగటి మత్తును ఉన్నచో ఆ సంగతి కూడ చెప్పవలెను.

ఇట్టి వైద్యము మన ప్రాంతమునకు ఆలస్యముగ చేరినది. కలకత్తాలో 1920లో దంతవైద్య కళాశాల వెలసెను. మద్రాసులో 1953లో, హైదరాబాదులో 1959లో ప్రభుత్వ కళాశాలలు మొదలైనవి. నేడు గుంటూరు వెళ్ళినను దంతవైద్య కళాశాల కలదు.

స్ప్లింటు పళ్ళు కొరుకుటను మాన్పునని మేము చెప్పము. పలువురికి అది కండరముల బిగువును తగ్గించును; కొందరు దాని మీదనే కొరుకుచుందురు. కొన్ని నెలలకు తొడుగుపై గీతలు పడును. అవి పళ్ళపై పడవలసిన గీతలు. తొడుగు అరిగినచో మరియొకటి చేయించుకొనవచ్చును. కనుక మంచి పన్ను అరగదీయుటకు ఒప్పుకొనుటకు ముందు, తొడుగు సంగతి ఒకమారు అడిగి చూడుడు.