మాదకద్రవ్యాల నియంత్రణ జాతీయ నిధి

మాదకద్రవ్యాల దుర్వినియోగాన్ని అరికట్టేందుకు 1985 నాటి మాదకద్రవ్యాలు, మనోప్రభావిత పదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద, 1989లో అమల్లోకి వచ్చిన సవరణతో ఏర్పడిన కేంద్ర నిధి. పార్లమెంటు కేటాయింపులు, అక్రమ రవాణాదారుల నుంచి జప్తైన ఆస్తుల అమ్మకపు సొమ్ము, విరాళాలు ఇందులో జమవుతాయి. మత్తుకు బానిసలైనవారిని గుర్తించడం, చికిత్స, పునరావాసం, మత్తు వ్యతిరేక ప్రచారం దీని ఖర్చు పద్దులు.

నిధి ఖర్చుపై కేంద్రానికి సలహాలు, సిఫార్సులు ఇచ్చేందుకు చట్టంలోని 7ఎ సెక్షన్ అదనపు కార్యదర్శి హోదాకు తగ్గని అధ్యక్షుడు, గరిష్ఠంగా ఆరుగురు సభ్యులు గల పాలకమండలిని నిర్దేశిస్తుంది. 7బి ప్రకారం ఏటా ఖర్చుల నివేదిక, లెక్కలు గెజిట్‌లో ప్రచురించాలి.

దుర్వినియోగమయ్యే మత్తు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రాంతంలో మత్తు సమస్య నల్లమందు కన్నా కల్తీ కల్లుదే. అందులో కలిపే అల్ప్రాజోలం, డయాజెపాం ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోవే. క్లోరల్ హైడ్రేట్ దాని షెడ్యూలులో లేదు. అలవాటుపడినవారికి కల్లు హఠాత్తుగా ఆగితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ రావచ్చు.