అమ్మీ, అబ్బాలకు హైదరాబాద్ చూపించాలంటే.. మూడు రోజుల ప్రయాణానికి ముందే చూసుకోవాల్సినవి

ఊళ్లో ఉన్న తల్లిదండ్రులను ఒక్కసారైనా హైదరాబాద్ తీసుకెళ్లి నింపాదిగా చూపించాలని చాలామందికి ఉంటుంది. పెళ్లిళ్లకో, ఆసుపత్రికో పెద్దవాళ్లు నగరానికి వస్తూనే ఉంటారు. కానీ చార్మినార్‌ను ఆటోలోంచి చూడటమే తప్ప దిగి చూసింది ఉండదు. తీరా పిల్లలు సెలవు పెట్టి తీసుకెళితే, రెండు రోజుల్లో పది చోట్లు తిప్పేసి మోకాళ్ల నొప్పులతో ఇంటికి చేరుస్తారు. అరవై, డెబ్బై ఏళ్ల వాళ్లతో వెళ్లేటప్పుడు పూటకు ఒక్క చోటు చాలు. మధ్యాహ్నం రెండు గంటలు రూమ్‌లో నడుం వాల్చాల్సిందే. ఈ లెక్క ఒప్పుకుంటే మిగతా ప్లాన్ అంతా సులువే.

శుక్రవారం సంగతి ముందు తేల్చుకోవాలి

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. ఇది తెలియక గేటు దాకా వెళ్లి తిరిగొచ్చే కుటుంబాలు ఉన్నాయి. అలాగని శుక్రవారాన్ని వదిలేయాలని కాదు. మక్కా మసీదులో జుమా నమాజు చదవాలన్నది చాలామంది అబ్బాల మనసులో ఏళ్ల తరబడి ఉన్న కోరిక. అడిగితే తప్ప బయటికి చెప్పరు. అలాంటి కోరిక ఉంటే గురువారం సాయంత్రానికి నగరానికి చేరి, శుక్రవారం జుమాకు, చార్మినార్‌కు, శనివారం మ్యూజియానికి, గోల్కొండ వైపుకు పెట్టుకుని ఆదివారం ఉదయం తిరుగు ప్రయాణం కట్టొచ్చు. ఆ కోరిక లేకపోతే మంగళ, బుధ, గురువారాలు మేలు. రద్దీ తక్కువ, హోటల్ రేట్లు కూడా కాస్త దిగే అవకాశం ఉంటుంది. జూ పార్క్ చూడాలనుకుంటే అది సోమవారం మూసేస్తారు.

నెలల విషయానికొస్తే నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు హాయి. ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లను రాళ్ల కోటల మధ్య తిప్పొద్దు. రమజాన్‌లో పాతబస్తీ రాత్రంతా మెలకువగానే ఉంటుంది, చూడటానికి బాగుంటుంది. కానీ ఆ జనంలో పెద్దవాళ్లు నడవలేరు.

రావడం, దిగడం

రైల్లో రాత్రి ప్రయాణమైతే ఒక చిట్కా ఉంది. 60 దాటిన పురుషులకు, 45 దాటిన మహిళలకు లోయర్ బెర్త్ కోటా ఉంటుంది. అయితే ఆ టికెట్ మీద అలాంటి ప్రయాణికులు ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. కొడుకు తన పేరు కూడా అదే టికెట్‌లో కలిపితే ఆ కోటా పనిచేయదు. అందుకే అమ్మీ, అబ్బాలకు ఒక టికెట్, పిల్లలకు వేరే టికెట్ తీయాలి. సీనియర్లకు ఇచ్చే చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోవద్దు. రైలు ఏ స్టేషన్‌కు వస్తుందో కూడా చూసుకోవాలి. నాంపల్లి, కాచిగూడ, సికింద్రాబాద్‌తో పాటు ఇప్పుడు చర్లపల్లి కూడా ఉంది. చర్లపల్లిలో దిగితే పాతబస్తీ చాలా దూరం.

తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. అమ్మీ తప్పకుండా దీని గురించి గుర్తు చేస్తారు. కానీ నిజామాబాద్ నుంచో, ఖమ్మం నుంచో కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్‌లో వస్తే మిగిలిన డబ్బు మాత్రలకే పోతుంది. సీటు రిజర్వ్ చేసుకునే బస్సులోనే రావడం మంచిది.

ఇక హోటల్. ఫోన్లో అడగాల్సినవి మూడే: లిఫ్ట్ ఉందా, బాత్రూంలో వెస్ట్రన్ కమోడ్ ఉందా, లోపల నేల జారుతుందా. నాంపల్లి, ఆబిడ్స్ వైపు దిగితే అటు పాతబస్తీకీ ఇటు గోల్కొండకూ అందుబాటులో ఉంటుంది. అబ్బా మాత్రం టోలిచౌకీలో చుట్టాలు ఉండగా హోటల్ ఎందుకంటారు. చుట్టాలింట్లో దిగితే ఒక పూట దావత్, ఇంకో పూట వాళ్ల వియ్యంకుల పలకరింపు, మూడో పూటకు బస్సు టైమవుతుంది. వాళ్లను ఒక రాత్రి భోజనానికి కలిసి రావడం ఇద్దరికీ బాగుంటుంది. రూమ్ అద్దె ఎంతని అడిగితే సగం చెప్పే పిల్లలే ఎక్కువ. 'ఎందుకు బేటా ఇంత ఖర్చు' అనే మాట ఒకసారి మొదలైతే మూడు రోజులూ ఆగదు మరి.

చార్మినార్, మక్కా మసీదు

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌ను కింద నుంచి చూస్తేనే అందం. లోపలి మెట్లు ఇరుకుగా, ఎత్తుగా, మెలికలు తిరిగి ఉంటాయి. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లను పైకి బలవంతం చేయొద్దు. వాహనాలు కట్టడం దాకా వెళ్లవు, కొంత దూరంలో దిగి నడవాలి.

పక్కనే ఉన్న మక్కా మసీదు పని కుతుబ్ షాహీల కాలంలో మొదలై ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది. మధ్య కమానులోని ఇటుకలు మక్కా మట్టితో చేసినవని చెబుతారు. జుమాకు గంట ముందే చేరుకుంటే అబ్బాకు నీడలో చోటు దొరుకుతుంది. కింద కూర్చోలేని వాళ్లకు మడత కుర్చీ వెంట తీసుకెళ్లడం మేలు. వుజూ హోటల్‌లోనే చేసుకుని వెళ్తే తడి మెట్ల భయం ఉండదు. ఆ జనంలోకి అమ్మీని తీసుకెళ్లకుండా, అసర్ తర్వాత తీరిగ్గా తీసుకురావచ్చు. ఆవరణలో ఆసఫ్ జాహీల సమాధులు ఉన్నాయి.

హనఫీ పద్ధతిలో సుమారు 77 కిలోమీటర్లు దాటి వెళ్లి, 15 రోజుల లోపు ఉండేవాళ్లు జుహర్, అసర్, ఇషాల ఫర్జ్ నాలుగు రకాతులకు బదులు రెండే చదువుతారు. ఇమామ్ వెనుక చదివితే మాత్రం పూర్తిగా చదవాలి. పెద్దవాళ్లకు ఇది తెలిసిన విషయమే, ప్లాన్ వేసే పిల్లలే మరిచిపోతారు.

లాడ్ బజార్‌కు సాయంత్రం ఒక గంట చాలు. లక్క గాజుల దగ్గర అమ్మీకి టైం తెలియదు. అబ్బా మాత్రం ప్రతి అత్తర్ షాపు ముందు ఆగి సీసాలు చూస్తున్నారంటే, అది కొనడానికి కాకపోవచ్చు, కాళ్లు లాగుతూ ఉండొచ్చు. ఆయన నోటితో చెప్పరు. దగ్గర్లోని ఇరానీ హోటల్‌లో చాయ్ తాగుదామని పిల్లలే అనాలి. ఈ గల్లీల్లో టాయిలెట్ దొరకడం కష్టం. షుగర్ ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు హోటల్ నుంచి బయలుదేరేటప్పుడే చూసుకోవాలి.

మ్యూజియం, గుంబద్‌లు

సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలైంది, మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనం 1968 నాటిది. అన్ని గదులూ చూడాలనుకుంటే కుర్రాళ్లే అలసిపోతారు. ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం, ఖురాన్ రాతప్రతులు, పాత ఆయుధాలు చూసి, పన్నెండుకు కాస్త ముందు గడియారం దగ్గరికి చేరాలి. లోపలి నుంచి బొమ్మ బయటికి వచ్చి గంటలు కొడుతుంది. పన్నెండు గంటలకు పన్నెండు సార్లు కొడుతుంది కాబట్టి అప్పుడే జనం ఎక్కువ. వీల్ చైర్ అవసరమైతే లోపలికి వెళ్లేటప్పుడే కౌంటర్‌లో అడగాలి. అబ్బా మొహమాటపడితే, నడవలేక కాదు, ఎక్కువ చూడటానికని చెప్పండి.

గోల్కొండ కోట పైకి మూడు వందలకు పైగా మెట్లు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, కింది భాగం చూసి వచ్చేస్తే చాలు. పెద్దవాళ్లకు కోట కన్నా దగ్గర్లోని కుతుబ్ షాహీ సమాధులే నచ్చుతాయి. చెట్లు, పచ్చిక, నడవడానికి చదునైన దారులు ఉంటాయి. ఆగా ఖాన్ ట్రస్ట్ సాయంతో 2013 నుంచి జరిగిన మరమ్మతులతో గుంబద్‌లకు పాత కళ వచ్చింది. చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్ షా ఇక్కడే నిద్రిస్తున్నారు. తెలుగు కవులను ఆదరించి 'మల్కిభరాముడు' అనిపించుకున్న ఆయన తండ్రి ఇబ్రహీం సమాధి కూడా ఇక్కడే. అసర్ నుంచి మగ్రిబ్ వరకు సమయం దీనికే పెట్టుకోవచ్చు.

మందులు, తిండి

మాత్రలు పెద్ద బ్యాగులో కాదు, చేతి సంచిలో ఉండాలి. డాక్టర్ చీటీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు భోజనం ఆలస్యం కాకూడదు, జేబులో రెండు బిస్కెట్లు, చక్కెర ఉండాలి. బిర్యానీ మధ్యాహ్నమే తినిపించి, రాత్రికి రొట్టె, దాల్చా లాంటి తేలికైనవి చూడాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

ఇన్ని చూసుకున్నా ఒక పూట ఖాళీగా వదలాలి. ఆ పూట ఎక్కడికెళ్దామో అమ్మీనే అడగండి. చిన్నప్పుడు ఎవరో చెప్పగా విన్న మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ అనొచ్చు, నాంపల్లి యూసుఫైన్ దర్గా అనొచ్చు, నలభై ఏళ్ల కిందట వాళ్లిద్దరూ అద్దెకున్న గల్లీ పేరు చెప్పొచ్చు. ఆ గల్లీ ఇప్పుడు అపార్ట్‌మెంట్లతో నిండిపోయి ఉన్నా సరే, ఆటో మాట్లాడండి.