అక్షరాల లెక్క: ఇంగ్లీషులో సులువు, మన లిపుల్లో ఎందుకు చిక్కు?

సాధారణ ఇంగ్లీషు రాతలో ప్రతి ఎనిమిది అక్షరాల్లో దాదాపు ఒకటి 'ఈ'. దాని వాటా సుమారు 12.7 శాతం. తర్వాతి స్థానాలు టీ (9), ఏ (8), ఓ (7.5), ఐ (7)లవి. అట్టడుగున ఉండే క్యూ, జడ్ వెయ్యి అక్షరాలకు ఒకటి చొప్పున కనిపిస్తే గొప్ప. రచనను బట్టి అంకెలు కాస్త మారతాయి కానీ వరస పెద్దగా మారదు. దీన్నే 'అక్షర పౌనఃపున్యం' అంటారు.

ఎందుకు పనికొస్తుంది?

రహస్య లిపిలో ఎక్కువసార్లు వచ్చే గుర్తును బట్టి అసలు అక్షరాన్ని పట్టుకోవచ్చని 9వ శతాబ్దంలోనే అరబ్ పండితుడు అల్-కిందీ వివరించారు. మోర్స్ కోడ్‌లో 'ఈ'కి ఒక్క చుక్క, 'టీ'కి ఒక్క గీత ఇచ్చింది ఇవి ఎక్కువగా వస్తాయనే. స్క్రాబుల్ ఆటలో 'ఈ'కి 1 పాయింటు, 'జడ్'కి 10. ఈ లెక్క అచ్చుపనికీ కీలకమే. ఏ అక్షరానికి ఎన్ని సీసపు దిమ్మలు పోత పోయాలో ముందే తెలియాలి. అందుకే ఇంగ్లీషు టైపు కేసులో 'ఈ' గది అన్నిటికంటే పెద్దది.

సూరత్‌లో ఏం జరిగింది?

17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీకి సూరత్‌లో బ్రోకరుగా ఉన్న భీమ్‌జీ పారేఖ్ స్థానిక లిపిలో పుస్తకాలు అచ్చు వేయించాలనుకున్నారు. ఆయన కోరిక మేరకు కంపెనీ ఇంగ్లండ్ నుంచి పంపిన ముద్రకుడు హెన్రీ హిల్స్ 1674లో బొంబాయి చేరారు. హిల్స్‌కు అచ్చు వేయడం వచ్చు కానీ, స్థానిక అక్షరాలను చెక్కి పోత పోయడం రాదు. దాంతో ప్రయత్నం ఫలించలేదు. గుజరాతీలో 'ముంబై సమాచార్' వెలువడింది 1822లో.

అక్షరాలు చెక్కే మనిషి దొరికినా మరో ప్రశ్న మిగిలేది. గుణింతాలు, ఒత్తులు ఉన్న లిపిలో 'ఒక అక్షరం' అంటే ఏమిటి?

'సూరత్'లో ఎన్ని అక్షరాలు?

ఈ పేరు ఇంగ్లీషులో ఐదు అక్షరాలు. తెలుగులో కంటికి కనిపించేవి మూడు: సూ, ర, త్. యూనికోడ్ లెక్కలో మాత్రం ఐదు: స, ఊత్వం, ర, త, పొల్లు. 'స్త్రీ' చూడటానికి ఒకే అక్షరం, కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు. దేన్ని యూనిట్‌గా తీసుకున్నామన్న దాన్ని బట్టి ఏ అక్షరం ముందుంటుందో మారిపోతుంది. కాబట్టి తెలుగు అక్షరాల శాతాలు ఎవరు చెప్పినా, ముందు అడగాల్సింది ఏం లెక్కపెట్టారని.

జేబుకూ సంబంధం ఉంది

ఒక ఎస్‌ఎంఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 వరకు పడతాయి. తెలుగులో అయితే 70 సంకేతాలే. గుణింతం, ఒత్తు, పొల్లు అన్నీ ఆ 70లో లెక్కే. అంతకు మించితే అది రెండో మెసేజ్. యూటీఎఫ్-8 విధానంలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్, తెలుగు సంకేతానికి మూడు. అంటే 'సూరత్' ఇంగ్లీషులో 5 బైట్లు, తెలుగులో 15.

సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమమూ ఉంది. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి తరలివెళ్లిన కుటుంబాల పిల్లలు అక్కడ చదువుతున్నారు. వారి ఇళ్లకు తెలుగులో పంపే ప్రతి ఎస్‌ఎంఎస్‌కూ ఈ 70 సంకేతాల హద్దు వర్తిస్తుంది.